పూత వేళ పడే దుమ్ము: క్రషర్ దారి పక్క వరిలో తాలు ఎందుకు పెరిగింది?

నేపథ్యం

విశాఖపట్నం దాటి అనకాపల్లి వైపు వెళ్తే కొండల మధ్య చెరువుల కింద వరి ఇంకా సాగవుతోంది. అవే కొండల్లో రాతి క్వారీలు, వాటిని ఆనుకుని కంకర క్రషర్లు ఉన్నాయి. ఆకాశం తేటగా ఉన్న రోజు దూరంగా పరిశ్రమల పొగగొట్టాలు కూడా కనిపిస్తాయి. ఈ కేసు అలాంటి ఒక ఊరిది. ఊరి పేరు, రైతు పేరు, క్రషర్ పేరు రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలిచ్చే చిన్న వివరాలు కొన్ని మార్చాను. పంటలో చూసినవి మాత్రం చూసినట్టే రాస్తున్నాను.

పొలం మూడు ఎకరాలకు కొంచెం ఎక్కువ. ఈశాన్యం వైపు గట్టు పక్కనే క్రషర్ నుంచి లారీలు వచ్చే మట్టి దారి, దారికి అవతల కాస్త ఎత్తులో క్రషర్. నైరుతి చివర గెడ్డ, అంటే చిన్న వాగు. రైతు వేసేది శ్రీకాకుళం సన్నాలు, అంటే ఆర్‌జీఎల్ 2537 అనే వరి రకం. జూన్ ఆఖరున నారు పోసి, వానను బట్టి జూలై ఆఖరులోనో ఆగస్టులోనో ఉభాలు (నాట్లు) పూర్తి చేస్తే అక్టోబరు రెండో సగంలో ఈనుతుంది, అంటే కంకి బయటికి వచ్చి పూత పడుతుంది. ఈ కేసు మొత్తం తిరిగేది ఆ ఈనిక కాలం చుట్టూనే.

సమస్య

పంటల ఆరోగ్యంపై రైతులకు సలహా ఇవ్వడం నా పని. నన్ను పిలిచేటప్పటికి ఈనిక దాటిపోయి గింజ గట్టిపడుతోంది. అంతకు ముందు ఏడాది కూడా దారి వైపు మళ్లలో తాలు (నిండని గింజలు) విపరీతంగా వచ్చిందని, కళ్లంలో తూర్పారబడితే గాలికి పోయిందే ఎక్కువని రైతు చెప్పారు. ఆకులు బూడిద రంగులో ఉన్నాయి. పోటాకు (కంకి కింద ఉండే చివరి ఆకు) కొసలు ఎండాయి. మందుల దుకాణంలో చెప్పినట్టు జింకు పిచికారీ చేశారు, గింజ మచ్చకు ప్రోపికొనజోల్ కొట్టారు, కంకి నల్లి అనుకుని ప్రొఫెనోఫాస్ కూడా కొట్టారు. ఖర్చు పెరిగింది, తాలు తగ్గలేదు.

ఆయన మనసులో మాత్రం కారణం ముందే ఖాయమైపోయింది. "ఆ గొట్టాల గ్యాసే నా పంటను తినేసిందమ్మా. ఆ మాట కాగితం మీద రాసిస్తే చాలు, నష్టపరిహారం అడుగుతాను" అన్నారు.

ఆయన కోపం న్యాయమైనదే. గాలి ఆయన పాడుచేసుకున్నది కాదు, నష్టం మాత్రం ఆయనది. అయినా కారణం తప్పుగా రాసిన కాగితం మొదటి విచారణలోనే వీగిపోతుంది, ఆ తర్వాత ఆ రైతు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ వినరు. అందుకే ముందు పొలం చూసి, కాగితం సంగతి తర్వాత మాట్లాడదామన్నాను.

ఏది కాదో తేల్చడం

వాయు కాలుష్యం వల్ల వచ్చే లక్షణాలు చాలావరకు తెగుళ్లను, పోషక లోపాలను పోలి ఉంటాయి. ఆకు రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. నేను మొదట అడిగే ప్రశ్నలు రెండు: నష్టం పొలంలో ఎక్కడ ఉంది, ఏ దశలో మొదలైంది?

జింకు లోపం సాధారణంగా నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో తుప్పు మచ్చలతో కనిపిస్తుంది. ఇక్కడ ఆ దశలో పైరు బాగుందని రైతే చెప్పారు. బ్యాక్టీరియా ఎండాకు తెగులేమోనని ఆకును కోసి గాజు గ్లాసు నీళ్లలో నిలబెట్టాం. కోసిన చోటు నుంచి పాలలాంటి జిగురు ధార రాలేదు. తెల్లకంకి అయితే కాండం తొలుచు పురుగు పని, లాగితే కంకి మొత్తం ఊడి వస్తుంది. ఇక్కడ లాగినా రాలేదు, పైగా ఒకే కంకిలో నిండు గింజల మధ్య తాలు చెదురుగా ఉంది. ఆకు తొడుగులు విప్పి భూతద్దంతో చూస్తే కంకి నల్లి చేసే గోధుమ రంగు గాయాలు లేవు. చెరువు నీటిలో, మట్టిలో ఉప్పు శాతం వరిని దెబ్బతీసే స్థాయికి చాలా దిగువన ఉంది.

ఇక గ్యాసు. సల్ఫర్ డయాక్సైడ్ పత్రరంధ్రాల ద్వారా లోపలికి వెళ్లి ఆకు ఈనెల మధ్య భాగాన్ని తెల్లబరుస్తుంది, ఈనెలు పచ్చగా మిగులుతాయి. ఫ్లోరైడ్ ఆకులో కొద్దికొద్దిగా పేరుకుని కొసను, అంచును కాలుస్తుంది. కొసలు ఎండిన మాట నిజం కాబట్టి ఫ్లోరైడ్‌ను వెంటనే కొట్టిపారేయలేదు. అయితే ఎత్తైన గొట్టం నుంచి వచ్చే వాయువు నేలకు దిగేసరికి చాలా దూరం పరుచుకుంటుంది. ఒకే పొలంలో ఈ గట్టు దగ్గర తీవ్రంగా ఉండి, ఆ గట్టు దగ్గర దాదాపు మాయం కాదు. ఇక్కడ దారి నుంచి లోపలికి అడుగు వేసిన కొద్దీ తాలు తగ్గుతూ పోయింది. దారికి అవతల, క్రషర్‌కు ఈశాన్యంగా ఉన్న మరో రైతు మడిలో అదే రకం, అదే వయసు పైరు చాలా మెరుగ్గా ఉంది. తడి దూదితో ఆకు తుడిస్తే బూడిద రంగంతా దూదికి వచ్చింది, కింద ఆకు పచ్చగా ఉంది.

దుమ్ము అన్నది అక్కడితో తేలిపోయినట్టే అనిపించింది. కానీ నన్ను ఆపిన ప్రశ్న ఒకటి ఉంది. క్రషర్ ఏడాది పొడుగునా నడుస్తుంది కదా, మరి ఆగస్టు, సెప్టెంబరుల్లో పైరు ఎందుకు బాగుంది?

జవాబు గాలిలోనూ వానలోనూ దొరికింది. నైరుతి రుతుపవనాల కాలంలో గాలి పొలం మీదుగా క్రషర్ వైపు వీస్తుంది, పడిన కాస్త దుమ్మును వాన కడిగేస్తుంది. అక్టోబరులో రుతుపవనాలు వెనుదిరిగాక గాలి ఈశాన్యానికి మళ్లుతుంది, అంటే క్రషర్ నుంచి పొలం మీదికి. వానల మధ్య ఎడం పెరిగి దారి ఎండుతుంది. సరిగ్గా అప్పుడే శ్రీకాకుళం సన్నాలు ఈనుతుంది.

తాలు గింజను విప్పితే

రాతి పొడి పంటకు చేసే చెరుపు ఒక్క దారిలో జరగదు. ఆకుపై పొర కట్టి వెలుతురును అడ్డుకుంటుంది, పత్రరంధ్రాలను మూసేస్తుంది, ఆకు వేడిని పెంచుతుంది. సిమెంటు దుమ్ము లాగా మంచుతో కలిసి క్షారపు పెచ్చు కట్టే గుణం ఈ కంకర పొడికి పెద్దగా లేదు. కాబట్టి ఇక్కడ రసాయన గాయం కన్నా భౌతికమైన అడ్డంకి గురించే ఎక్కువగా ఆలోచించాను.

ఆకు మీది దుమ్మే అసలు కారణమైతే గింజ మొదలై సగంలో ఆగాలి, ఎందుకంటే పాలు పోసుకునే దశలో ఆహారం చాలదు. పూత దశలోనే దెబ్బ తగిలి ఉంటే గింజ అసలు మొదలే కాదు. అందుకని దారి పక్క నుంచి, మధ్య నుంచి, గెడ్డ పక్క నుంచి కంకులు తెచ్చి తాలు గింజలను ఒక్కొక్కటిగా గోటితో విప్పి రెండు కుప్పలు చేశాం. బియ్యం కొంత రూపు కట్టి ముడుచుకుపోయినవి ఒకటి, లోపల ఏమీ కట్టనివి ఇంకొకటి. ముడుచుకున్నవి పొలమంతా కొద్దికొద్దిగా ఉన్నాయి. ఏమీ కట్టనివి దారి పక్క కంకుల్లో బాగా ఎక్కువ.

వరి పువ్వు ఉదయం సుమారు 9 గంటల నుంచి మధ్యాహ్నం లోపు విచ్చుకుంటుంది. ఒక్కో పువ్వు తెరుచుకుని ఉండేది గంట అటూ ఇటూ మాత్రమే. పుప్పొడి రాలిన తర్వాత కొన్ని నిమిషాలే సజీవంగా ఉంటుంది. ఆ కొద్దిసేపట్లో ఈకలాంటి కీలాగ్రం మీద పుప్పొడికి ముందు రాతి పొడి పడితే ఆ గింజకు మరో అవకాశం లేదు. లారీలు అన్నిటికన్నా ఎక్కువగా నడిచేది కూడా ఆ వేళల్లోనే.

ఇది అప్పటికి అనుమానమే. మరుసటి ఏడాది ఈనిక మొదలవగానే దారి పక్క కొన్ని కంకులకు పూత రోజుల్లో సన్నని కాగితపు సంచులు తొడిగాం. వరి తన పుప్పొడితోనే గింజ కడుతుంది, కాబట్టి సంచి వేసినా పరాగసంపర్కం ఆగదు. కాకపోతే సంచి లోపలి వేడి వల్ల కొంత తాలు పెరగవచ్చు. అందుకే గెడ్డ పక్క కంకులకూ అలాగే తొడిగాం. గెడ్డ పక్కన సంచి వేసినవాటిలో తాలు కొంచెం పెరిగింది. దారి పక్కన సంచి వేసిన కంకుల్లో మాత్రం, వేడి భారం ఉన్నా, వేయని పక్క కంకుల కన్నా తాలు స్పష్టంగా తగ్గింది. ఆకులు రెండింటికీ ఒకే దుమ్ములో ఉన్నాయి, తేడా పువ్వుకు దొరికిన రక్షణ ఒక్కటే. ఈ కేసులో నాకు గట్టి ఆధారం ఇదే.

ప్రయత్నించినవి, ఫలించనివి

సంచుల ఫలితం కోతలకు గానీ తెలియదు. ఆ సీజనులో చేతులు కట్టుకుని కూర్చోలేం కాబట్టి పవర్ స్ప్రేయర్‌తో ఆకులు కడగడం మొదలుపెట్టాం. ఉదయం కొడితే నీటి తాకిడికి పువ్వు దెబ్బతింటుంది కాబట్టి సాయంత్రం కొట్టాలన్నాను. కడిగిన ఆకు ఒకటి రెండు రోజుల్లోనే మళ్లీ బూడిదైంది. రాత్రంతా తడి ఆరని ఆకుల మీద గోధుమ మచ్చ కనిపించడం మొదలైంది. కూలి ఖర్చు, తెగులు భయం రెండూ పెరిగాయి, పూతకు రక్షణ దొరకలేదు. ఆపేశాం.

పొటాషియం నైట్రేటు పిచికారీ చేస్తే గింజ నిండుతుందని దుకాణదారు సలహా ఇచ్చారు. మొదలే కాని గింజను నింపేదేమీ ఉండదని నా అభిప్రాయం. అయినా రైతుకు నమ్మకం ఉంది, కాబట్టి ఒక మడిలో సగం కొట్టి సగం వదిలేయమన్నాను. కోసినప్పుడు తేడా ఆయనకే కనిపించలేదు. వదిలేసిన ఆ సగం మడి లేకపోతే ఏటా ఆ ఖర్చు కొనసాగేది.

గట్టు మీద ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టాం. మొదటి కొన్ని వరుసలకు కొంత మేలు చేసింది, తర్వాత వచ్చిన ఈదురుగాలికి చిరిగి కర్రలతో సహా పైరు మీద పడింది. అక్టోబరు ఈ తీరంలో తుపానుల నెల. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన నాటి నుంచి ఆ నెలలో గట్టు మీద తాత్కాలికంగా ఏది నిలబెట్టాలన్నా ఇక్కడి రైతులు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

రకం మార్చడం గురించి చాలాసేపు చర్చించుకున్నాం. కాటన్‌దొర సన్నాలు వంటి స్వల్పకాలిక రకం వేస్తే సెప్టెంబరులోనే ఈనుతుంది. అప్పటికి గాలి ఇంకా అనుకూలమే. కానీ అప్పుడు పూత మీద దుమ్ముకు బదులు వాన పడుతుంది, కోత అక్టోబరు తుపాను ముప్పులోకి జరుగుతుంది. పైగా తిండికీ అమ్మకానికీ ఆయనకు శ్రీకాకుళం సన్నాలే కావాలి. ఒకరి దుమ్ము కోసం రైతు తన తిండి గింజ మార్చుకోవాలనడం కూడా నాకు సబబుగా తోచలేదు. ఒక చిన్న మడిలో చూసి వదిలేశాం.

ఊరివాళ్లు సంబంధిత కార్యాలయానికి ఫిర్యాదు ఇచ్చారు. గాలిని కొలవడానికి వచ్చింది వాన పడి దారి తడిసిన రోజు. అంకెలు పరిమితిలోపే వచ్చాయి. పొడి రోజున కొలిచినా ఇంకో చిక్కు ఉంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో విశాఖపట్నం ఉంది, అందులో ప్రధానంగా చూసేది పీఎం 10 కణాలను, అంటే 10 మైక్రాన్లు, అంతకన్నా చిన్న దుమ్మును. వాటికి ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, 24 గంటల పరిమితి 100. మనిషి పీల్చే గాలికి ఆ కొలత చాలా అవసరం. కానీ లారీ చక్రం లేపే దుమ్ములో బరువైన పాలు 10 మైక్రాన్ల కన్నా పెద్ద కణాలే, అవి దగ్గరలోనే పైరు మీద రాలిపోతాయి. గాలి పరికరంలో కనిపించని నష్టం ఆకు మీద కనిపించేది అందుకే. కాబట్టి మేము ఆముదం రాసిన స్టీలు పళ్లేలను కర్రల మీద కంకి ఎత్తులో పెట్టాం. దారి పక్క పళ్లెం, గెడ్డ పక్క పళ్లెం పక్కపక్కన పెడితే ఏ నివేదికా అక్కర్లేకుండా ఎవరికైనా అర్థమవుతుంది.

ఫలించినది

క్రషర్ మేనేజరు దగ్గరకు మేము పట్టుకెళ్లింది ఆ పళ్లేలనే. "క్రషర్ మూసేయమంటే నా చేతిలో లేదు మేడమ్" అని ముందే చెప్పేశారు. మేము అడిగింది అది కాదు. పూత ఉండే రెండు వారాలపాటు ఉదయం 9 నుంచి 12 వరకు ఆ దారిలో లారీలు నడపవద్దు, తెల్లవారకముందే దారి తడపండి, లోడు మీద టార్పాలిన్ కట్టండి. మిగతా వేళల్లో మీ పని మీరు చేసుకోండి. అడిగింది చిన్నది, గడువు, వేళలు ఉన్నది. లోడింగును తెల్లవారుజామునకు, మధ్యాహ్నానికి జరిపితే సరిపోతుందని ఆయనే లెక్క వేసి చెప్పారు. రాయి నలిగే చోట, బెల్టు నుంచి కంకర జారే చోట నీటి తుంపర ఉండాలి, క్రషర్ లోపలి దారి తడపాలి అన్నవి అనుమతి షరతుల్లో ఎలాగూ ఉండేవే. పనిచేయని నాజిల్స్ మార్పించారు.

ఇందులో రైతుల వైపు నుంచి కూడా ఒక పని ఉంది. ఒక కంకి పూత ముగియడానికి సుమారు వారం పడుతుంది, ఒకేసారి నాటిన పొలమంతటికీ రెండు వారాల లోపు. కానీ ఆ దారి వెంట రైతులు నాలుగైదు వారాల తేడాతో నాటేవాళ్లు. అలాగైతే లారీలు ఆగాల్సింది నెలన్నర, దానికి ఎవరూ ఒప్పుకోరు. అందరూ కలిసి నారు ఒకే వారంలో పోసుకున్నారు, చెరువు నీరు వదలడం కూడా దానికి తగ్గట్టు సర్దుకున్నారు. ముందుగానే తేదీ ప్రకటించకుండా పొట్ట దశ (కంకి ఇంకా కాండం లోపలే ఉన్న దశ) నుంచి రోజూ పొలం చూసి, పదింట ఒక కంకి బయటికి రాగానే మేనేజరుకు ఫోను చేయాలని నిర్ణయించాం. ఫోను చేసే బాధ్యత రైతుగారి కోడలు తీసుకున్నారు, ఒక్క ఉదయం కూడా తప్పలేదు.

ఆ ఏడాది దారి పక్క మళ్లలో తాలు బాగా తగ్గింది. ఆ అక్టోబరులో వానలు కాస్త ఎక్కువే, కాబట్టి నిరుటి దిగుబడితో పోల్చి సంతోషపడటం సరికాదు. నేను చూసింది అదే ఏడాది, అదే వానలో, దారి పక్కకూ గెడ్డ పక్కకూ మధ్య ఉన్న తేడాను. ఆ తేడా అంతకు ముందున్నదాంట్లో సగం కన్నా తక్కువకు దిగింది. పూర్తిగా పోలేదు. గట్టును ఆనుకున్న మొదటి వరుసలు ఇప్పటికీ వెనకబడే ఉన్నాయి. మధ్యాహ్నం తర్వాత లేచే దుమ్ము ఆకుల మీద పడుతూనే ఉంది.

ఈ కేసు నుంచి నేను పట్టుకెళ్తున్నవి

రైతు అడిగిన కాగితం రాసిచ్చాను, కానీ ఆయన అడిగినట్టు కాదు. దుమ్ము, దారి పక్క ఇంత మేర, పూత దశలో, ఈ ఆధారాలతో అని మాత్రమే రాశాను. గొట్టాల మాట లేదని ఆయన నొచ్చుకున్నారు. ఆయనకు ఇంకొక విషయం కూడా వివరించాల్సి వచ్చింది: గొట్టాల పాత్ర అసలు లేదని నేను అనడం లేదు. వాహనాలు, పరిశ్రమలు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు, సేంద్రియ ఆవిరులు ఎండలో చర్య జరిపి నేల దగ్గర ఓజోన్‌గా మారతాయి. అది మధ్యాహ్నం పెరుగుతుంది, పుట్టిన చోటు కన్నా గాలివాలులో ఉన్న పల్లెల్లో ఎక్కువ కావచ్చు. గోధుమ దానికి బాగా లొంగుతుంది, వరి కొంత తట్టుకుంటుంది కానీ నష్టం లేకుండా కాదు. పంటకు ఎంత ఓజోన్ తగిలిందో లెక్కగట్టడానికి శాస్త్రవేత్తలు వాడే ఏఓటీ 40 పద్ధతిలో, పగటి వేళ 40 పీపీబీకి (గాలిలో వంద కోట్ల భాగాలకు 40 భాగాలకు) మించిన ఓజోన్‌ను గంట గంటకూ సీజనంతా కూడుతూ పోతారు. అలాంటి నష్టం పొలమంతా సమానంగా, ఆకు మీద ఏ గుర్తూ లేకుండా కూడా జరగవచ్చు. దారి పక్కను గెడ్డ పక్కతో పోల్చే నా పద్ధతికి అది చిక్కదు. అందుకే గెడ్డ పక్క మడిని "దుమ్ము తక్కువ ఉన్న మడి" అనే రాశాను, "కాలుష్యం లేని మడి" అనలేదు.

నాలాంటి పని చేసేవారికి చెప్పదలచింది: దుమ్ము కనిపించగానే పత్రరంధ్రాలు మూసుకుపోయాయని రాసి ముగించకండి. అది నిజమే అయినా, దాని నుంచి ఆకు కడగమనే సలహా తప్ప మరొకటి పుట్టదు. తాలు గింజ విప్పి చూశాం కాబట్టే లారీల వేళలు మార్చమని అడగగలిగాం. మొక్కజొన్న వేసేచోట ఇదే లెక్క వేరుగా ఉంటుంది. అక్కడ పీచు రోజుల తరబడి బయటే ఉండి పుప్పొడి కోసం ఎదురుచూస్తుంది, కాబట్టి మూడు గంటల విరామం చాలకపోవచ్చు.

ఇంకో మాట పంటకు సంబంధించింది కాదు, కానీ వదిలేయలేను. ఆ గట్టు మీద కలుపు తీసే ఆడవాళ్లు, కోతకు వంగేవాళ్లు పీల్చేది అదే రాతి పొడి. అందులోని సన్నని సిలికా ఊపిరితిత్తులకు చేసే చెరుపు తిరిగి బాగుపడేది కాదు. కోత రోజుల్లో కూడా దారి తడపాలని మా ఒప్పందంలో చేర్పించడానికి ఆ ఒక్క కారణం చాలింది. దుమ్ము పట్టిన గడ్డిని పశువులు సరిగా తినకపోవడం రైతులు ముందే గమనించి ఉన్నారు, దాంతో వాళ్లూ గట్టిగా పట్టుబట్టారు.

గట్టు మీద ఇప్పుడు రెండు వరుసల సరుగుడు నాటారు. నీడ పైరు మీద పడకుండా దారి అంచుకు జరిపి, ఒకదాని ఖాళీలో మరొకటి వచ్చేలా పెట్టారు. అవి కంకి ఎత్తు దాటి దట్టంగా ఎదిగేవరకు లారీల ఒప్పందమే ఆధారం. క్రషర్‌లో మేనేజరు మారారు. కొత్తాయన మాట మీద నడిచే ఒప్పందాలకు సుముఖంగా లేరు, కాబట్టి పూత రోజుల వేళలను పంచాయతీ తీర్మానంగా రాయించి, క్రషర్ అనుమతి పునరుద్ధరణకు వచ్చినప్పుడు షరతుగా చేర్చాలని దరఖాస్తు పెట్టారు. దానికి జతపరచిన వాటిలో సంచులు తొడిగిన కంకుల లెక్క, పళ్లేల ఫోటోలు ఉన్నాయి.